కొలనోస్కోపీ తేదీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? జీర్ణకోశ విభాగంలో పీఏ ఉద్యోగంపై చర్చ

తుంగభద్ర (ఫ్రిస్కో, టెక్సాస్)

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడలో బీడీఎస్ పూర్తిచేసి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు నాకు 31 ఏళ్ళు. పని అనుమతి చేతికి వచ్చాక ఒక గ్యాస్ట్రో క్లినిక్‌లో స్క్రైబ్‌గా చేరి 14 నెలలైంది. డాక్టరుగారూ, ఆయన దగ్గర పనిచేసే ఇద్దరు ఫిజీషియన్ అసిస్టెంట్లూ (పీఏలు, అంటే డాక్టరుతో కలిసి పనిచేస్తూ రోగులను చూసేవారు) రోగులతో మాట్లాడుతూ ఉంటే పక్కన కూర్చుని కంప్యూటరులో నోటు రాయడం నా పని. ఇన్నాళ్ళూ దంతవైద్యం లైసెన్సు కోసమే ప్రయత్నించాలని అనుకున్నాను గాని, ఈ ఇద్దరి పనినీ దగ్గరనుంచి చూశాక మనసు అటు మళ్ళింది.

నా సందేహాలు ఇవి. మన దేశపు డిగ్రీకి ఇక్కడి పీఏ కోర్సులో ఏమైనా మినహాయింపు ఉంటుందా? గ్యాస్ట్రోలో అసలు పని అంతా స్కోపుతోనే (లోపలికి పంపి చూసే గొట్టం) కదా, అది డాక్టరుగారి చేతిలోనే ఉన్నప్పుడు పీఏకు ఎదుగుదల ఎక్కడిది? ఇక మూడోది ఇంటి గొడవ. విషయం చెప్పగానే మా అత్తయ్యగారు, "పీఏ అంటే ఎమ్మెల్యేల వెంట ఫోను పట్టుకుని తిరిగేవాళ్ళు కాదటమ్మా?" అన్నారు. నవ్వేశాను గాని, డాక్టరు చదువు చదివి అసిస్టెంటు అనిపించుకోవడం ఏమిటన్న ప్రశ్న ఆ మాటలో ఉందని నాకు తెలుసు.

మిరపతోట (కొలంబస్, ఒహాయో)

తుంగభద్ర గారూ, నేను 11 ఏళ్ళుగా పీఏని. మొదటి రెండేళ్ళు ఎమర్జెన్సీలో, తరవాత 9 ఏళ్ళుగా గ్యాస్ట్రోలో పనిచేస్తున్నాను. మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దానిమీదే మిగతాదంతా ఆధారపడి ఉంది.

స్కోపు పట్టుకునేది డాక్టరుగారే. కొన్ని కేంద్రాలలో పీఏలకూ నర్స్ ప్రాక్టీషనర్లకూ శిక్షణ ఇచ్చి ఎండోస్కోపీలు చేయించినమాట నిజమే గాని, అది అరుదు. దాన్ని నమ్ముకుని ఈ దారి పట్టవద్దు. అయితే స్కోపు పని అరగంటలో ముగుస్తుంది. దానికి ముందు ఎవరికి అవసరమో తేల్చడం, తరవాత వచ్చిన బయాప్సీ ఫలితాన్ని చదివి మళ్ళీ ఎప్పుడు రావాలో నిర్ణయించి ఆ సంగతి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, ఆ తేదీ వచ్చేదాకా ఆయన చేజారిపోకుండా చూసుకోవడం మా పని. ఒక మనిషి విషయంలో ఇది పదేళ్ళు సాగవచ్చు.

నా వారం చెబుతాను. నాలుగు రోజులు క్లినిక్, రోజుకు 16 నుంచి 18 మంది. ఒక రోజు ఆసుపత్రిలో రౌండ్లు: రక్తపు వాంతులతో వచ్చినవారు, క్లోమం వాచినవారు, కాలేయం దెబ్బతిని పొట్టలో నీరు చేరినవారు. ఆ నీరు తీయడం నేను చేస్తాను. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఎలాస్టోగ్రఫీ కూడా చేస్తాను. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ (పేగులు దీర్ఘకాలం వాచి ఉండే జబ్బులు) ఉన్నవారికి బయొలాజిక్ మందులు మొదలుపెట్టే ముందు నిద్రాణంగా ఉన్న టీబీ, హెపటైటిస్ బి ఉన్నాయేమో చూడవలసిన బాధ్యత నాది. మన దేశంలో పుట్టి పెరిగినవారి విషయంలో ఇది లాంఛనం కాదు. ఆ పరీక్ష మరచిపోతే మందు వల్ల రోగనిరోధకశక్తి తగ్గి, లోపల అణగి ఉన్న జబ్బు పైకి లేస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం మూడు తరవాత నా తలుపు వేసి ఉంటుంది. ఆ వారం వచ్చిన బయాప్సీ నివేదికలన్నీ వరసగా తీసి, ఒక్కొక్కదానికి ఎదురుగా తదుపరి కొలనోస్కోపీ (స్కోపుతో పెద్దపేగు చూడడం) తేదీ వేస్తాను. పది మిల్లీమీటర్లలోపు మామూలు అడినోమా (పేగు గోడమీద పెరిగే పాలిప్‌లలో క్యాన్సరుగా మారగల రకం) ఒకటో రెండో ఉంటే 7 నుంచి 10 ఏళ్ళు. మూడో నాలుగో ఉంటే 3 నుంచి 5 ఏళ్ళు. పది మిల్లీమీటర్లకు చేరినదో, సూక్ష్మదర్శినిలో చెడ్డ లక్షణాలు కనిపించినదో ఒక్కటి ఉన్నా 3 ఏళ్ళు. 2020లో అమెరికా జీర్ణకోశ వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకం ఇది. చూడడానికి గుమాస్తా పనిలాగే ఉంటుంది. కాని నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట (పేరు అనవసరం) కంప్యూటరు వ్యవస్థ మార్చినప్పుడు పాత తేదీలు కొత్తదానిలోకి రాలేదు. 3 ఏళ్ళకు రావలసిన ఒకావిడ ఆరో ఏట, రక్తం పడుతోందని తనంతట తాను వచ్చింది. ఆవిడ కార్డు నా చేతిలో పెట్టినప్పుడు నాకు కలిగిన భావాన్ని ఇక్కడ రాయలేను. శుక్రవారం తలుపు వేసుకోవడం ఆ తరవాతే మొదలైంది.

ఉప్పుటేరు (ఎడిసన్, న్యూజెర్సీ)

నేను వైద్యరంగం వాడిని కాదు, సాఫ్ట్‌వేరు. కాని రోగి పక్షాన ఒక మాట అడగాలి. పోయిన ఏడాది కడుపుమంటకు స్పెషలిస్టు అపాయింట్‌మెంటు కోసం ఏడు వారాలు ఎదురుచూసి వెళితే, వచ్చినది పీఏ. పావుగంట మాట్లాడి, రక్తపరీక్షలు రాసి పంపించింది. స్పెషలిస్టుకు కట్టవలసిన కోపే (బీమా ఉన్నా రోగి కట్టే వాటా) మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు. డాక్టరును చూడనే లేదు. మీరందరూ మంచివారే కావచ్చు గాని, ఇది ఆసుపత్రులు ఖర్చు తగ్గించుకోవడానికి కనిపెట్టిన పద్ధతి కాదా?

మిరపతోట

ఉప్పుటేరు గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడే, చూడబోయేది పీఏ అని చెప్పాలి, చెప్పకపోవడం తప్పే. మీరు డాక్టరుకోసమే ఆగుతానని అనవచ్చు, అది మీ హక్కు. డబ్బు సంగతికి వస్తే, పీఏ తన పేరున బిల్లు చేసినప్పుడు మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్యబీమా) డాక్టరు రుసుములో 85 శాతమే చెల్లిస్తుంది. కోపే మాత్రం సాధారణంగా చూసిన మనిషినిబట్టి గాక విభాగాన్నిబట్టి ఉంటుంది గనుక మీకు తేడా కనిపించలేదు. ఖర్చు తగ్గించుకోవడం ఇందులో లేదని నేను అబద్ధం చెప్పను. అయితే పీఏలు లేకపోతే ఆ ఏడు వారాలు ఎన్ని వారాలయ్యేవో కూడా ఆలోచించండి.

ఒక్కటి అడుగుతాను. ఆ పావుగంటలో ఆవిడ మీ ఇంట్లోవారి జబ్బుల గురించి అడిగిందా?

ఉప్పుటేరు

అడిగింది. "కుటుంబంలో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సరు ఉందా" అని ఇంగ్లీషులో అడిగితే లేదని చెప్పాను. లేదు కూడా.

చారుకట్టు (హైదరాబాద్)

ఇక్కడి పరిస్థితి కూడా తెలిస్తే తుంగభద్ర గారికి పోల్చుకోవడానికి వీలవుతుందని రాస్తున్నాను. నేను చెన్నైలో బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చదివి, హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి కాలేయ విభాగంలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. మన దేశంలో ఈ చదువు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె శస్త్రచికిత్స విభాగానికి సాయంగా డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో మొదలైంది. అందుకే ఇప్పటికీ ఇక్కడ పీఏ అంటే గుండె ఆపరేషన్ల విభాగంలో ఉండేవారనే చాలామంది అనుకుంటారు.

నేను రోగి చరిత్ర రాస్తాను, రౌండ్లలో డాక్టరుగారికి కేసు వినిపిస్తాను, డిశ్చార్జి సమ్మరీ తయారుచేస్తాను, ఇంటికి వెళ్ళేవారికి ఉప్పు ఎంత తగ్గించాలో, ఒంట్లో నీరు తగ్గించే మాత్ర ఎప్పుడు ఆపాలో చెబుతాను. కాని మందుల చీటీమీద సంతకం నాది కాదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మా వృత్తిని తన జాబితాలో చేర్చింది. అంతకుముందు మాకు కేంద్ర చట్టంలో చోటే లేదు. చట్టంలో పేరు ఉండడం వేరు, వార్డులో "సిస్టరు కాదు, డాక్టరు కాదు, మరి నువ్వెవరమ్మా?" అని అడిగే ముసలాయనకు జవాబు చెప్పగలగడం వేరు. రెండోదానికి ఇంకా సమయం పడుతుంది. ఇక్కడి పీఏ చదువుతో అమెరికా వెళ్ళి నేరుగా పనిచేయవచ్చని కొందరు కన్సల్టెన్సీలవారు చెబుతుంటారు, నమ్మవద్దు.

నాగావళి (ఫిలడెల్ఫియా)

చారుకట్టు గారి చివరి మాటను గట్టిగా సమర్థిస్తున్నాను. నేను పీఏ కోర్సు రెండో ఏడాదిలో ఉన్నాను, శ్రీకాకుళంలో బీఫార్మసీ చదివి వచ్చాను.

తుంగభద్ర గారూ, మినహాయింపు ఏదీ ఉండదు. ఎంబీబీఎస్ చదివినా, బీడీఎస్ చదివినా, ఏఆర్‌సీ-పీఏ (పీఏ కోర్సులను పరిశీలించే సంస్థ) గుర్తింపు ఉన్న అమెరికా కళాశాలలో పూర్తి కోర్సు చదివితేనే ప్యాన్స్ అనే పీఏ ధ్రువీకరణ పరీక్షకు కూర్చోనిస్తారు. కోర్సు చాలాచోట్ల 27 నెలలు, చేతికి వచ్చేది మాస్టర్స్ పట్టా. మొదటి ఏడాది తరగతులు. ఆ తరవాత 2,000 గంటలు మించి ఆసుపత్రులలో, క్లినిక్కులలో తిరుగుడు. ప్యాన్స్ 300 ప్రశ్నల పరీక్ష. ఆరేళ్ళలో ఆరుసార్లకు మించి రాయనివ్వరు. పాసైన తరవాత ప్రతి రెండేళ్ళకూ 100 గంటల నిరంతర విద్య చూపాలి, పదేళ్ళకొకసారి ధ్రువీకరణ కొత్తగా సంపాదించాలి.

మీరు ఇప్పుడే చూసుకోవలసినవి రెండున్నాయి. మొదటిది మీ స్క్రైబ్ గంటలు. చాలా కళాశాలలు వాటిని రోగికి స్వయంగా సేవచేసిన గంటలుగా లెక్కించవు, వైద్యరంగంలో ఉన్న అనుభవంగా మాత్రమే రాసుకుంటాయి. అదే క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంటుగా మారగలిగితే (బీపీ చూడడం, రక్తం తీయడం, మందుల జాబితా సరిచూడడం) ప్రతి గంటా పనికివస్తుంది. నేను స్క్రైబ్‌గా 1,900 గంటలు చేసి, దరఖాస్తు నింపుతున్న రాత్రి ఈ సంగతి తెలుసుకున్నాను. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ భోజనం చేయలేదు. రెండోది మీ మార్కుల పత్రాలు. విదేశీ డిగ్రీకి మూల్యాంకనం చేయించినా, అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ వంటివి అమెరికా కళాశాలలో చదివి ఉండాలని చాలాచోట్ల పట్టుబడతారు. కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం తరగతులు చవకగా వస్తాయి.

డబ్బు మాట. ఫీజులే లక్ష డాలర్లు దాటే కళాశాలలు చాలా ఉన్నాయి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నవారికి ఫెడరల్ విద్యారుణం దొరకదు, ప్రైవేటు అప్పుకు పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో హామీ సంతకం చేయవలసి వస్తుంది. ఇది తేలనిదే ఉద్యోగం మానవద్దు. జీతం సంగతి చూస్తే, అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కప్రకారం 2023 మేలో పీఏల మధ్యస్థ వార్షిక వేతనం 1,30,020 డాలర్లు. గ్యాస్ట్రోలో అటూ ఇటూగా ఉంటుంది.

అత్తయ్యగారికి ఒక కథ చెప్పండి. 1965లో నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ కోర్సును నలుగురితో మొదలుపెట్టారు. ఆ నలుగురూ నౌకాదళంలో వైద్యసహాయకులుగా పనిచేసి వచ్చినవారు. యుద్ధరంగంలో ప్రాణాలు కాపాడిన చేతులకు ఊళ్ళోకి వచ్చాక పనిలేకపోవడమేమిటన్న ఆలోచనతో పుట్టిన వృత్తి ఇది. 1967 అక్టోబరు 6న వారిలో ముగ్గురు పట్టా పుచ్చుకున్నారు. ఇక "అసిస్టెంటు" మాట గురించి అంటారా, దానిమీద ఇక్కడ కూడా గొడవే. 2021లో పీఏల జాతీయ సంఘం "ఫిజీషియన్ అసోసియేట్" అని మార్చుకుంది, 2024లో ఒరెగాన్ రాష్ట్రం చట్టంలోనూ మార్చింది. మిగతాచోట్ల బ్యాడ్జిమీద పాతపేరే ఎక్కువ.

థేమ్స్‌గట్టు (రీడింగ్, ఇంగ్లండ్)

పేరు గొడవ అన్నారు గనుక ఒక్క మాట. ఇక్కడ కథ తిరగబడింది. 2024 డిసెంబరులో డాక్టర్లను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ మా వృత్తిని తన పరిధిలోకి తీసుకుంది. 2025 జూలైలో వచ్చిన లెంగ్ సమీక్ష (మా వృత్తిపై ప్రభుత్వం చేయించినది), అసోసియేట్ అనే పేరు రోగులను తికమకపెడుతోందని, మళ్ళీ అసిస్టెంట్ అనే పిలవాలని, ఇంకా జబ్బేమిటో తేలని రోగులను మేము చూడరాదని సూచించింది. బ్రిటన్‌కు రావాలనుకునేవారు కొంతకాలం ఆగి చూడడం మంచిది.

వేదిక నిర్వాహకులు

బ్రిటన్ చర్చకు వేరే శీర్షిక తెరిచాము, అక్కడ కొనసాగించగలరు. ఇక్కడ జీర్ణకోశ విభాగానికి, నివారణకు సంబంధించినవే రాయండి.

రుషికొండ (విశాఖపట్నం)

నేను 30 ఏళ్ళు జీర్ణకోశ వైద్యునిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. నివారణ గురించి రాయమన్నారు గనుక, మా తరం చేయలేకపోయినదాన్ని ఒప్పుకుని మొదలుపెడతాను. మా ఓపీలో రోజుకు నూరుమంది. "గ్యాసండీ" అనగానే పరగడుపున వేసుకునే మాత్ర రాసి పంపేవాళ్ళం. తెలుగువాడు గ్యాసు అన్నప్పుడు దాని అర్థం పుల్లటి త్రేన్పు కావచ్చు, ఉబ్బరం కావచ్చు, అన్నం అరగకపోవడం కావచ్చు, ఒక్కోసారి గుండెనొప్పి కావచ్చు. "ఎక్కడ, చేయి పెట్టి చూపించండి" అని అడగడానికి ఒక నిమిషం చాలు, ఆ నిమిషం మాకు ఉండేది కాదు. ఆ నిమిషం ఉన్న మనిషి ఓపీలో ఒకరు ఉంటే చాలని అప్పుడు అనిపించేది. చారుకట్టు గారి వంటివారు ఇప్పుడు ఆ లోటు కొంత తీరుస్తున్నారు.

రక్తం విషయం ఇంతకంటె ప్రమాదం. మలంలో రక్తం కనిపిస్తే మనవాళ్ళు రెండే కారణాలు చెబుతారు: మొలలు, లేదా వేడి చేసింది. సబ్జా గింజలు తాగుతారు, మజ్జిగ తాగుతారు, నాటుమందు వేసుకుంటారు. ఏడాది గడిచాక బరువు తగ్గి, రక్తహీనతతో వస్తారు. మన దేశంలో పెద్దపేగు క్యాన్సరు రేటు పాశ్చాత్యదేశాలతో పోలిస్తే తక్కువే. జనాభా స్థాయిలో ప్రభుత్వం చేసే పరీక్షలు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే ఉన్నాయి, పెద్దపేగుకు లేవు. కనుక ఇక్కడ 45 ఏళ్ళ ప్రతివారికీ కొలనోస్కోపీ చేయమని నేను అనను. రక్తాన్ని మొలలకు అంటగట్టే ముందు ఒకసారి చూడమని మాత్రం అంటాను.

హెలికోబాక్టర్ గురించి కూడా. మనవాళ్ళ కడుపులో ఇది విరివిగా ఉంటుంది. కడుపుపుండ్లకు ఈ క్రిమి కారణమని చూపినందుకే బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఊపిరి పరీక్షకు రెండు వారాల ముందే గ్యాసు మాత్ర ఆపకపోతే, క్రిమి ఉన్నా లేదని ఫలితం వస్తుంది. ఎన్నో పరీక్షలు ఇలా దండగ కావడం చూశాను, ఫోనుచేసి "మాత్ర ఆపారా?" అని అడిగే మనిషి లేకపోవడమే కారణం.

మిరపతోట

రుషికొండ గారికి నమస్కారం. ఆ ఫోను చేసేది మా దగ్గర మేమే.

కాలేయం సంగతి ఎవరూ ఎత్తలేదు గనుక నేను ఎత్తుతాను, ఇక్కడి తెలుగువారిలో నేను ఎక్కువగా చూసేది అదే. వివరాలు కొద్దిగా మార్చి ఒక కేసు చెబుతాను. 44 ఏళ్ళ మనిషి. శాకాహారి, మద్యం ముట్టడు, చూడడానికి సన్నగానే ఉంటాడు, పొట్ట మాత్రం కాస్త ముందుకు ఉంటుంది. మూడేళ్ళుగా వార్షిక పరీక్షలో కాలేయపు ఎంజైములైన ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఎక్కువగా వస్తున్నాయి. "లివరు కొంచెం కొవ్వు పట్టింది, నడవండి" అని చెప్పి ఊరుకున్నారు. కాగితం తీసుకుని ఆయన ముందే ఫిబ్-4 (కాలేయం మచ్చకట్టిందేమో అంచనా వేసే సూత్రం) లెక్క వేశాను. వయసు 44ను ఏఎస్‌టీ 58తో గుణిస్తే 2,552. ప్లేట్‌లెట్లు 190 (వేలలో), దాన్ని ఏఎల్‌టీ 72 వర్గమూలంతో, అంటే దాదాపు 8.5తో గుణిస్తే 1,612. భాగిస్తే 1.58. ఇది 1.3 దాటితే ఊరుకోకూడదు, ఎలాస్టోగ్రఫీ చేయాలి. చేస్తే మచ్చకట్టడం మొదలైందని తేలింది. ఆ నాలుగు అంకెలూ మూడేళ్ళుగా ఆయన ఫోనులోనే ఉన్నాయి, భాగహారం చేసినవారు లేరు. దక్షిణాసియా వారికి తక్కువ బరువులోనే కాలేయానికి కొవ్వు పడుతుందన్నది ఆయనకు కొత్త విషయం. మూడుపూటలా అన్నం, సాయంత్రం బిస్కెట్లతో టీ అన్నది మరో అరగంట మాట్లాడవలసిన విషయం; మరోసారి రమ్మని మాట్లాడాను కూడా.

ఉప్పుటేరు గారూ, మీకు చెప్పదలచినది మరచిపోలేదు. క్యాన్సరు అనే మాట మన ఇళ్ళలో పలకరు. అందుకే నేను తెలుగు రోగులను ఆ ప్రశ్న అలా అడగను. "ఇంట్లో ఎవరికైనా పేగు ఆపరేషన్ జరిగిందా? ఏమి తీశారు? అప్పుడు వారి వయసెంత?" అని అడుగుతాను. మీరు కూడా మీ ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.

కంచుదీపం (అట్లాంటా)

మా అమ్మ తెనాలినుంచి ఆరు నెలలకు వచ్చింది, 78 ఏళ్ళు. ఈ చర్చ చదివి ఆమెకూ కొలనోస్కోపీ చేయించాలనిపిస్తోంది. విజిటరు ఇన్సూరెన్సులో వస్తుందా?

మిరపతోట

ఇటువంటి ముందుజాగ్రత్త పరీక్షలు విజిటరు ఇన్సూరెన్సులో సాధారణంగా రావు. అంతకంటె ముఖ్యం, 75 దాటాక అందరికీ చేయడం సిఫారసులో లేదు. 76 నుంచి 85 వరకు మనిషి ఆరోగ్యాన్నిబట్టి, గతంలో చేసిన పరీక్షలనుబట్టి నిర్ణయించాలి. అమ్మగారికి రక్తం పడడం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం లేకపోతే హాయిగా ఉండనివ్వండి. ఉంటే అది ముందుజాగ్రత్త పరీక్ష కాదు, జబ్బు వెతకడం; అప్పుడు వయసు చూడకుండా డాక్టరుకు చూపించాలి. అవసరం లేనివారికి వద్దని చెప్పడం కూడా మా పనిలో భాగమే, తుంగభద్ర గారు గమనించాలి.

ఉప్పుటేరు

మూడు రోజులు ఈ వైపు రాలేదు. రాజమండ్రిలో ఉన్న మా అన్నయ్యకు ఫోనుచేసి, మిరపతోట గారు రాసిన మూడు ప్రశ్నలూ ఉన్నవి ఉన్నట్టు అడిగాను. మా నాన్నగారికి నేను ఇంటర్ చదివే రోజుల్లో కాకినాడలో ఆపరేషన్ జరిగింది. "కడుపులో గడ్డ తీశారు" అని మాకు చెప్పారు. తరవాత పదిహేనేళ్ళు బాగానే ఉండి గుండెపోటుతో పోయారు. అన్నయ్య అటకమీది ట్రంకుపెట్టె దించి వెతికితే డిశ్చార్జి కాగితం దొరికింది. ఫొటో పంపాడు. మడతలమీద అక్షరాలు పోయాయి గాని, సిగ్మాయిడ్ కోలన్, అడినోకార్సినోమా అన్న రెండు మాటలూ చదవడానికి వస్తున్నాయి, అంటే పెద్దపేగు క్యాన్సరే. వయసు 51 అని ఉంది. అమ్మకు తెలుసట. "పిల్లలకు చెప్పి భయపెట్టడమెందుకని ఊరుకున్నాము" అందట.

నాకు 42, అన్నయ్యకు 47. నేను ఆ పీఏకు లేదని చెప్పిన మాట అబద్ధం కాదు, కాని నిజం కూడా కాదని ఇప్పుడు తెలిసింది.

మిరపతోట

ఉప్పుటేరు గారూ, కంగారుపడవద్దు, కాని ఆలస్యమూ చేయవద్దు. తల్లిదండ్రులలోగాని తోబుట్టువులలోగాని ఒకరికి 60 ఏళ్ళలోపు ఈ జబ్బు వచ్చి ఉంటే, 40 ఏళ్ళకు, లేదా వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళ ముందు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడు మొదటి కొలనోస్కోపీ చేయించుకోవాలి; తరవాత ఐదేళ్ళకొకసారి. అందరికీ చెప్పే 45 మీకు వర్తించదు. మలపరీక్షతో సరిపెట్టుకోవడం కూడా మీకు తగదు. లెక్కప్రకారం మీరు రెండేళ్ళు, అన్నయ్యగారు ఏడేళ్ళు వెనకబడ్డారు. పాలిప్ క్యాన్సరుగా మారడానికి సాధారణంగా పదేళ్ళ దరిదాపు పడుతుంది, కనుక ఇప్పుడు వెళ్ళడం పనికివస్తుంది. ఆ ఫొటోను మీ క్లినిక్ పోర్టల్లో ఆ పీఏకే పంపి, "నా కుటుంబచరిత్ర సరిచేయండి" అని రాయండి. ఆవిడే అపాయింట్‌మెంటు ముందుకు జరుపుతుంది.

తుంగభద్ర

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం మా క్లినిక్ మేనేజరుతో మాట్లాడాను. వచ్చే నెలనుంచి వారానికి మూడు రోజులు మెడికల్ అసిస్టెంటుగా, రెండు రోజులు స్క్రైబ్‌గా ఉండనిస్తామన్నారు. జీతం గంటకు ఒక డాలరు తగ్గుతుంది. సాయంత్రం మైక్రోబయాలజీ తరగతికి పేరు ఇచ్చాను. గ్రీన్‌కార్డు ఉన్న మా ఆడపడుచు హామీ సంతకం చేస్తానంది, అయితే అది సీటు వచ్చిన తరవాతి మాట.

నిన్న ఒక నెల్లూరు పెద్దాయన వచ్చారు. పీఏ గారు ఇంగ్లీషులో కుటుంబచరిత్ర అడిగితే ఆయన తల అడ్డంగా ఊపారు. స్క్రైబ్ మధ్యలో మాట్లాడకూడదు గనుక పీఏ గారి అనుమతి తీసుకుని, మిరపతోట గారి ప్రశ్నను తెలుగులో అడిగాను. ఆయన చాలాసేపు ఊరుకుని, చెల్లెలి పేరు చెప్పారు. నేను నోటులో రాశాను.

ఉప్పుటేరు

ఆరు వారాల తరవాత ఈ చర్చను మళ్ళీ పైకి తెస్తున్నందుకు మన్నించండి. నా కొలనోస్కోపీ అయింది. 6 మిల్లీమీటర్ల పాలిప్‌లు రెండు తీశారు, మామూలు అడినోమాలేనని ఫలితం వచ్చింది. మిరపతోట గారి లెక్కలో 7 నుంచి 10 ఏళ్ళు కదా అని అడిగితే, నాన్నగారి చరిత్రవల్ల నాకు ఐదేళ్ళే అని, ఆ తేదీ తాను వేసి పెట్టానని చెప్పింది, అదే పీఏ.

అన్నయ్యకు రాజమండ్రిలో వచ్చే మంగళవారం. సోమవారం మజ్జిగ తాగవచ్చా అని అడుగుతున్నాడు. వాళ్ళిచ్చిన కాగితంలో ద్రవాహారం అని మాత్రమే ఉందట.

మిరపతోట

మజ్జిగ వద్దు, పాలు కలిసినది ఏదీ వద్దు. గ్లాసులో పోసి అవతలి వైపునుంచి చూస్తే వేలు కనిపించాలి, అది గుర్తు. కొబ్బరి నీళ్ళు, పాలు లేని టీ, వడకట్టిన యాపిల్ రసం, కూరగాయలు ఉడికించి వడకట్టిన తేట సరే. ఎర్రరంగు పానీయాలు వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. శనివారంనుంచే ఆకుకూరలు, టమాటా, జామపండు, తాలింపులో ఆవాలు, జీలకర్ర మానేయమనండి. ఆ గింజలు స్కోపులో పీల్చే గొట్టానికి అడ్డంపడతాయి. పేగు శుభ్రంచేసే మందునీళ్ళు సగం సోమవారం సాయంత్రం, మిగతా సగం మంగళవారం తెల్లవారుజామున తాగాలి. ఏ గంటకు ముగించాలో అక్కడివారినే అడగమనండి. షుగరు మాత్రలుగాని రక్తం పలుచబడే మాత్రలుగాని వాడుతుంటే, ఎప్పుడు ఆపాలన్నది ఈ రోజే ఫోనుచేసి తెలుసుకోమనండి, మంగళవారం దాకా ఆగవద్దు.